నాచు పొడి మనం ఎందుకు తీసుకోలేదు



సముద్రం మనకు దూరమే. అయినా చేపలు ఎక్కడ దొరుకుతాయో జాలర్లకు చెప్పే ఇన్‌కాయిస్ ఆఫీసు మన ప్రగతి నగర్‌లోనే ఉంది. సముద్రపు నాచు కూడా అంతే, మన వంటింట్లోనే ఉంది. పాలలో కరిగించి చల్లారిస్తే గడ్డకట్టే చైనా గ్రాస్, ఎర్రనాచు నుంచి తీసిన చక్కెరే. చక్కెర అణువులు పొడుగాటి గొలుసులుగా అల్లుకుని ఉంటాయి కాబట్టి తియ్యగా ఉండదు, కడుపులో అరగదు.

గోధుమరంగు నాచులో ఫ్యూకోయిడాన్ అనే ఇంకో గొలుసు చక్కెర ఉంటుంది. ప్రయోగశాలలో అది రోగనిరోధక కణాలను చురుకు చేస్తోందని శాస్త్రవేత్తలు చూశారు. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ నాచు సారంతో గుళికలు కూడా తయారు చేసింది. కానీ గాజుగిన్నెలో కణాలు వేరు, మన ఒళ్లు వేరు. మనుషుల మీద జరిగిన పరీక్షలు ఇంకా తక్కువే.

అందుకే, పొదుపు డబ్బుతో ‘ఇమ్యూనిటీ పొడి’ సరుకు దింపుకోమని ఒకాయన వచ్చినప్పుడు మనం వద్దన్నాం. బీపీ, షుగరు మాత్రలు మానేసి ఇదే వాడమన్నాడు చూడండి, అక్కడే మనకు అనుమానం వచ్చింది. లాభం పోయిందని కొందరు సభ్యులు ఇప్పటికీ అలిగే ఉన్నారు. ఇంకో సంగతి: గోధుమరంగు నాచులో అయోడిన్ చాలా ఎక్కువగా ఉండొచ్చు. థైరాయిడ్ ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ఆ పొడులు, గుళికలు ముట్టుకోవద్దు. చైనా గ్రాస్ పాయసం మానక్కర్లేదు లెండి.