ఫారం రాకపోయినా లెక్క ఉండాలి
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. బడి జ్ఞాపకాలు నాకంటే బాగా చెప్పేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి నేను వేరే విషయం ఎత్తుకుంటాను. ఈ హాల్లో ఏ వరస చూసినా అమెరికాలో చదివే పిల్లలున్న తల్లిదండ్రులు కనిపిస్తున్నారు. కొందరి పిల్లలు అక్కడే పుట్టి పెరిగారు. కొందరి పిల్లలు ఇక్కడ బీటెక్ చేసి ఎఫ్-1 వీసా మీద వెళ్లారు. ఫిబ్రవరి వచ్చేసరికి రెండు రకాల వాళ్ల నుంచీ నాకు ఒకటే ఫోను: "అన్నా, కాలేజీ నుంచి 1098-టి రాలేదు. ఫీజూ స్కాలర్‌షిప్పూ రిటర్నులో ఎలా చూపించాలి?" నేను ఇంజనీరుని, ఆడిటర్ని కాను. మా పిల్లల చదువుల పుణ్యమా అని ఐఆర్‌ఎస్ వారి పబ్లికేషన్ 970 చదివాను. అందులో అర్థమైందే చెబుతాను.

1098-టి అనేది కాలేజీ ఏటా జనవరి 31లోగా విద్యార్థికి ఇచ్చే కాగితం. ఒకటో గడిలో ఆ ఏడాది కాలేజీకి అందిన ఫీజు, ఐదో గడిలో స్కాలర్‌షిప్పులు ఉంటాయి. అది కాలేజీ చెప్పే లెక్క. రిటర్నులో రాయాల్సింది మనం నిజంగా కట్టిన లెక్క. రెండూ ఒకటే అవ్వాలని లేదు. బయట కొన్న పుస్తకాలు ఆ కాగితంలో కనిపించవు. జనవరిలో మొదలయ్యే సెమిస్టరు ఫీజు డిసెంబరులోనే కడితే, అది కట్టిన ఏడాదిలోకే వస్తుంది. అప్పు తెచ్చి కట్టినా కట్టినట్టే; ఆ అప్పు ఎప్పుడు తీర్చామన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

ఆ ఫారం అందరికీ ఇవ్వాలన్న రూలు కూడా లేదు. స్కాలర్‌షిప్పుతోనే ఫీజంతా తీరిపోయినవాళ్లకి ఇవ్వక్కర్లేదు. నాన్‌రెసిడెంట్ విద్యార్థులకి వాళ్లు అడిగితే తప్ప ఇవ్వక్కర్లేదు. ఇవ్వనవసరం లేక ఇవ్వకపోతే, మిగతా అర్హతలున్నవాళ్లు ఫారం లేకుండానే క్రెడిట్ అడగొచ్చు. ఇవ్వాల్సి ఉండీ ఇవ్వకపోతే మాత్రం జనవరి 31 దాటాక, రిటర్ను వేసేలోగా మనం కాలేజీని అడిగి ఉండాలి. ఫోన్లో కాదు, ఈమెయిల్లో అడగండి. అడిగామని రేపు చూపించుకోవాలి కదా.

ఇక రుజువులు. మన లెక్కల మాస్టారు జవాబు ఒక్కటీ రాస్తే మార్కులు వేసేవారు కాదు, స్టెప్పులు ఏవిరా అనేవారు. ఐఆర్‌ఎస్ పద్ధతీ అదే. కాలేజీ వెబ్‌సైటులో పిల్లల ఖాతా స్టేట్‌మెంటు ఉంటుంది. ఏ తేదీన ఎంత వేశారు, ఎంత కట్టాం, ఏ స్కాలర్‌షిప్పు ఎప్పుడు జమైంది, అన్నీ అందులో ఉంటాయి. జనవరి నుంచి డిసెంబరు దాకా దించుకోండి. దానికి బ్యాంకు స్టేట్‌మెంటు, పుస్తకాల రసీదులు, స్కాలర్‌షిప్పు ఇచ్చిన ఉత్తరం జతచేయండి. 8863 ఫారంలో అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ అడగాలంటే కాలేజీ ఈఐఎన్ నంబరు వేయాలి. పోయినేడాది 1098-టి ఉంటే దానిమీద ఉంటుంది, లేకపోతే ఫీజుల ఆఫీసువాళ్లని అడగండి.

ఆ క్రెడిట్ డిగ్రీ మొదటి నాలుగేళ్ల చదువుకి. మొదటి 2,000 డాలర్ల ఖర్చుకి పూర్తిగా, తర్వాతి 2,000కి నాలుగో వంతు, వెరసి 2,500 డాలర్లు పన్నులోంచి నేరుగా తగ్గుతాయి. భార్యాభర్తలు కలిపి వేసే రిటర్నులో ఆదాయం 1,60,000 దాటితే తగ్గుతూ వచ్చి 1,80,000 దగ్గర సున్నా అవుతుంది. ఇద్దరూ సాఫ్ట్‌వేరు ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు ఆశ పెట్టుకోకండి.

ఎక్కువమంది వదిలేసేది స్కాలర్‌షిప్పు సంగతి. "ఫారమే రాలేదు, ఇంకేం చూపించాలి?" అంటారు. ఒక ఉదాహరణ చెబుతాను. ఫీజు 11,000, పుస్తకాలు 1,000, హాస్టలూ భోజనమూ 10,000. స్కాలర్‌షిప్పు 15,000. ఫీజుకీ తప్పనిసరి పుస్తకాలకీ పోయిన 12,000 మీద పన్ను లేదు. హాస్టలుకి పోయిన 3,000 పిల్లవాడి ఆదాయం. ఏ కాగితమూ రాకపోయినా షెడ్యూల్ 1లో 8-ఆర్ గీత మీద చూపించాలి. తండ్రి రిటర్నులో కాదు, పిల్లవాడి రిటర్నులో.

ఇందులోనే ఒక న్యాయమైన వెసులుబాటు ఉంది. స్కాలర్‌షిప్పు ఫీజుకే వాడాలన్న షరతు లేకపోతే, ఇంకో 4,000 కూడా హాస్టలుకే వాడినట్టు చూపించవచ్చు. అప్పుడు పిల్లవాడి ఆదాయం 7,000 అవుతుంది. వేరే సంపాదన లేకపోతే స్టాండర్డ్ డిడక్షన్‌లోనే అది కలిసిపోతుంది. 4,000 ఫీజు మన జేబులోంచి కట్టినట్టవుతుంది, 2,500 క్రెడిట్ వస్తుంది. ఇది పబ్లికేషన్ 970లో ఉన్నదే, నేను కనిపెట్టింది కాదు. హాస్టలుకి అంత ఖర్చు నిజంగా అయి ఉండాలి, అంతే.

ఇప్పుడు ఎఫ్-1 పిల్లల గురించి. నాకు నిజంగా బాధ ఇక్కడే. ఈ పిల్లలు సాధారణంగా మొదటి అయిదు క్యాలెండరు సంవత్సరాలు పన్ను లెక్కలో నాన్‌రెసిడెంట్లు. వేయాల్సింది 1040-ఎన్‌ఆర్, దాంతోపాటు 8843. నాన్‌రెసిడెంటుగా రిటర్ను వేసేవాళ్లకి చదువు క్రెడిట్ లేదు. కాలేజీ 1098-టి పంపినా లేదు. కానీ "నీకు వెయ్యి డాలర్లు వెనక్కి తెప్పిస్తాను, నాకు వంద ఇవ్వు" అనేవాళ్లు ఉన్నారు, వాళ్లలో మన భాష మాట్లాడేవాళ్లూ ఉన్నారు. మామూలు 1040 వేసి, క్రెడిట్ పెట్టి, డబ్బు తెప్పించి మాయమైపోతారు. కింద సంతకం పిల్లవాడిది. పట్టుబడితే డబ్బు వడ్డీతో కట్టాలి. నిర్లక్ష్యంగా అడిగారని తేలితే ఆ క్రెడిట్ 2 ఏళ్లు, మోసమని తేలితే 10 ఏళ్లు బంద్. పొలం తాకట్టు పెట్టి పంపిన చదువు మీద వెయ్యి డాలర్ల కోసం ఈ మచ్చ అవసరమా?

మనవాళ్లకి న్యాయంగా వచ్చేదొకటి ఉంది, దాన్ని మాత్రం అడగడం మరిచిపోతారు. భారత్-అమెరికా పన్ను ఒప్పందం 21వ అధికరణం ప్రకారం, మన దేశం నుంచి వెళ్లిన విద్యార్థులు నాన్‌రెసిడెంట్లయినా స్టాండర్డ్ డిడక్షన్ తీసుకోవచ్చు. చాలా దేశాల పిల్లలకి ఈ అవకాశం లేదు. క్యాంపస్ ఉద్యోగం జీతానికి డబ్ల్యూ-2, హాస్టలుకి పోయిన స్కాలర్‌షిప్పుకి 1042-ఎస్ వస్తాయి. ఈ రెండో రకం మీద సాధారణంగా 14 శాతం ముందే కోస్తారు. ఆ కోసింది తిరిగి రావాలన్నా రిటర్ను వేయాల్సిందే.

ఇప్పటికే తప్పు రిటర్ను వెళ్లిపోయి ఉంటే భయపడొద్దు. 1040-ఎక్స్‌తో సరిదిద్దుకోవచ్చు. ఉత్తరం వచ్చేదాకా ఆగకుండా తామే సరిదిద్దుకోవడం మంచిది. ఈ రాత్రి పిల్లలకి ఫోను చేసినప్పుడు, పోయినేడాది రిటర్ను తీసి మొదటి పేజీ పైన 1040 అని ఉందో, 1040-ఎన్‌ఆర్ అని ఉందో చూసి చెప్పమనండి.