నేలమాళిగలో గోదావరి వంతెన
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, “అమెరికాలో నీ ఉద్యోగం గురించి చెప్పకు. మన పిల్లల్లో సగం మంది అదే చేస్తున్నారు. ఇంట్లో ఏదో రైలు కట్టావటగా, ఆ సంగతి చెప్పు” అన్నారు. ఆయన మాట కాదనలేక ఆ రైలు సంగతే చెబుతాను.

నేను ఉండేది మిల్వాకీ నగరం దగ్గర. అక్కడ చలికాలంలో నేల గడ్డకట్టుకుపోతుంది. గడ్డకట్టిన నేల ఉబ్బి ఇంటిని కదిలించకుండా పునాదిని సుమారు 4 అడుగుల లోతుకు దించాలి. ఎలాగూ అంత తవ్వుతున్నాం గదా అని ఇంకాస్త తవ్వి, ఇంటి కింద ఇంకో ఇల్లంత గది కట్టుకుంటారు. దాన్నే బేస్‌మెంటు అంటారు. మన భాషలో నేలమాళిగ. కొందరు అందులో పాత సామాన్లు పడేస్తారు, కొందరు సినిమా తెర పెట్టుకుంటారు. ఆ ఊళ్ళో రైళ్ళు కట్టేవాళ్ళూ ఎక్కువే. బొమ్మ రైళ్ళ మీద 1934 నుంచి వస్తున్న ‘మోడల్ రైల్‌రోడర్’ పత్రిక పుట్టింది మిల్వాకీలోనే. మరుసటి ఏడాది, 1935లో, ఈ అభిరుచి ఉన్నవాళ్ళంతా అక్కడే సమావేశమై జాతీయ సంఘం పెట్టుకున్నారు. వాళ్ళు చేసిన గొప్ప పని కొలతలు నిర్ణయించడం. ఒక కంపెనీ చక్రం ఇంకో కంపెనీ పట్టాల మీద సాఫీగా నడుస్తుందంటే ఆ పుణ్యం వాళ్ళదే.

అమెరికా వాళ్ళు తమ ఊరి గనులో, గోధుమ గిడ్డంగులో కట్టుకుంటారు. నేను ఏం కట్టాలో పెద్దగా ఆలోచించక్కర్లేకపోయింది. మన రాజమండ్రి, కొవ్వూరుల మధ్య ఉన్న పాత వంతెన, అంటే హేవ్‌లాక్ వంతెన. 1900లో మొదలై, 1997లో బళ్ళు ఆగిపోయేదాకా దాదాపు వందేళ్ళు మద్రాసు, హౌరా బళ్ళను మోసింది.

ముందు లెక్క చూడాలి. నేను ఎంచుకున్న స్కేలు హెచ్.ఓ., అంటే 87వ వంతు. అసలు వంతెన పొడవు సుమారు 2.75 కిలోమీటర్లు. 87తో భాగిస్తే దాదాపు 104 అడుగులు వస్తుంది. మా నేలమాళిగలో పొడుగాటి గోడ 40 అడుగులు. అసలు వంతెనకు 56 గడ్డర్లు, ఒక్కొక్కటి 150 అడుగులు. నా కొలతలో ఒక గడ్డరు 20 అంగుళాల పైచిలుకు. ఎన్ని తగ్గించాలి? ఈ పనిలో చెయ్యి తిరిగినవాళ్ళు పాటించే సూత్రం ఒకటుంది: గడ్డరు కొలత తగ్గించకు, గడ్డర్ల సంఖ్య తగ్గించు. కొలత తగ్గిస్తే వంతెన బొమ్మలా కనబడుతుంది. సంఖ్య తగ్గిస్తే కన్ను పెద్దగా పట్టించుకోదు. పన్నెండు పెట్టెల బండి ఇంజనుతో కలిపి నా కొలతలో సుమారు 11 అడుగులు. అది మొత్తం వంతెన మీదికి వచ్చాక ముందూ వెనకా ఖాళీ మిగలాలి. అందుకని 12 గడ్డర్లు పెట్టాను. దాదాపు 21 అడుగుల వంతెన అయింది.

ఇంకో చిక్కు మన బ్రాడ్‌గేజి. పట్టాల మధ్య ఎడం 5 అడుగుల 6 అంగుళాలు. అమెరికాలో 4 అడుగుల 8న్నర అంగుళాలే. అక్కడ దొరికే పట్టాల ఎడం 16.5 మిల్లీమీటర్లు. మన గేజి సరిగ్గా రావాలంటే 19 మిల్లీమీటర్లు దాటాలి. అలా చేస్తే ప్రతి చక్రం, ప్రతి పాయింటూ నేనే చేసుకోవాలి. పక్కనుంచి చూస్తే ఆ తేడా తెలియదు గనుక దొరికే పట్టాలే వేశాను.

నేలమాళిగకు మొదటి శత్రువు తేమ. తేమకు చెక్క ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది, దాంతో పైనున్న పట్టా వంకర తిరుగుతుంది. అందుకే ఒక్క మేకు కొట్టకముందే గోడలకు నీరు దిగకుండా పూత వేయించి, గాలిలో తేమ పీల్చే యంత్రం పెట్టాను. ఆ తర్వాత కొయ్య చట్రం, దాని మీద ప్లైవుడ్, దాని మీద చప్పుడు తగ్గించే బెండు, ఆ పైన పట్టాలు. నది ఉన్నచోట బల్ల దించేశాను. పట్టా నా ఛాతీ ఎత్తున ఉంటుంది. బండిని పైనుంచి కాకుండా రేవులో నిలబడి చూసినట్టు చూడాలి గదా! ఎక్కడైనా చెయ్యి 30 అంగుళాలకు మించి చాచాల్సిన అవసరం రాకూడదు. పట్టా తప్పే బండి ఎప్పుడూ చెయ్యి అందని మూలనే తప్పుతుంది.

పూర్వం ఒక పట్టా మీద రెండు ఇంజన్లను వేరువేరుగా నడపాలంటే పట్టాను ముక్కలు చేసి ఒక్కో ముక్కకు ఒక్కో స్విచ్చి పెట్టేవాళ్ళు. ఇప్పుడు ప్రతి ఇంజనులో చిన్న చిప్పు ఉంటుంది. కరెంటూ, ఆజ్ఞలూ రెండూ పట్టాలోనే వెళ్తాయి. ఏ ఇంజను నంబరు పిలిస్తే ఆ ఇంజనే కదులుతుంది, హాజరు పట్టీలో పిల్లల్లాగ.

నీళ్ళు చేయడం అన్నిటికంటే కష్టం. గోదావరి ఏ రంగు? వేసవిలో ఇసుక తిన్నెల మధ్య పాయలు, శ్రావణంలో ఎర్రనీరు. నేను వరద తగ్గుతున్న కాలం ఎంచుకున్నాను. అడుగున రంగు వేసి, పైన పారదర్శకమైన రెసిన్ పలచగా పొరలు పొరలుగా పోశాను.

ఇంతవరకూ పుస్తకాలు చదివి, పత్రికలు చూసి ఎవరైనా చేయవచ్చు. వాటిలో దొరకనిది ఒకటి ఉంది.

మా నాన్నగారు రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేశారని ఇక్కడ చాలామందికి తెలుసు. వంతెన పని మొదలుపెట్టినప్పుడు ఆయనకు వారం వారం ఫోన్ చేసి అడిగేవాణ్ణి. చిన్నప్పుడు ఆయన పని గురించి నేనెప్పుడూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. చొక్కాకు నూనె వాసన ఉండేదని మాత్రం తెలుసు. పట్టాల అతుకు దగ్గర సందు ఎంత ఉండాలి, వేసవిలో అది ఎలా మూసుకుపోతుంది, బోల్టు వదులైతే సుత్తి దెబ్బకు శబ్దం ఎలా మారుతుంది, అన్నీ చెప్పారు. “బండి వచ్చేటప్పుడు మీరు వంతెన మీద ఉంటే ఏం చేసేవారు?” అని అడిగాను. “అక్కడక్కడా పక్కకు నిలబడే అరుగులుంటాయిరా. అందులోకి జరిగి కమ్మీ పట్టుకుని నిలబడాలి. వంతెనంతా ఊగుతుంది. కిందికి చూడకూడదు” అన్నారు. ఆ బళ్ళలో కూర్చుని నేను గోదారమ్మకు పైసలు వేసి దండం పెట్టుకున్నాను. ఆ అరుగు మీద నిలబడినవాళ్ళను ఒక్కసారి కూడా చూడలేదు. ఇప్పుడు నా వంతెన మీద ఆ అరుగులున్నాయి. ఒకదానిలో ముప్పాతిక అంగుళం మనిషి నిలబడి ఉన్నాడు. నాన్నగారు వంతెన పూర్తయిన ఫోటో చూశారు. రెండేళ్ళ క్రితం వెళ్ళిపోయారు.

ఈ సభలో నాన్నో తాతో రైల్వేలో చేసినవాళ్ళు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. పాయింట్స్‌మన్లు, ఫైర్‌మన్లు, గార్డులు. వాళ్ళకు తెలిసినవి ఏ పుస్తకంలోనూ పూర్తిగా లేవు. అడిగే మనిషి లేక ఇళ్ళలోనే ఉండిపోయాయి. ఉన్నవాళ్ళను ఈ సెలవుల్లోనే అడగండి. అడిగింది రాసిపెట్టండి.

చివరగా సంఘానికి ఒక మనవి. నా నేలమాళిగలో 56 గడ్డర్లు పట్టలేదు. మన బడి ఆవరణలో పడతాయి. ఈ ఏడాది 56 మంది పిల్లలకు తలా ఒక గడ్డరు ఇద్దాం. అట్ట, జిగురు, స్కేలు, కత్తెర చాలు. పొడవు సుమారు 52.5 సెంటీమీటర్లు. త్రిభుజం ఎందుకు బరువు మోస్తుందో, 87తో భాగించడం ఎందుకో, నల్లబల్ల మీద కంటే అక్కడ బాగా తెలుస్తుంది. అన్నీ వరసగా పేర్చితే దాదాపు నూరడుగుల వంతెన. 1997 తర్వాత పుట్టిన ఈ పిల్లల్లో ఎవరూ ఆ వంతెన మీద బండిలో వెళ్ళలేదు. ఒక్కో గడ్డరు మీద ఆ పిల్లవాడు తన వీధిలోని ఒక రైల్వే తాతగారిని అడిగి తెలుసుకున్న ఒక మాట రాయాలి. ఖర్చు నేను పెట్టుకుంటాను. కొలతల కాగితాలు సిద్ధంగా తెచ్చాను, సభ అయ్యాక సైన్సు మాస్టారికి ఇస్తాను. అడగడానికి తాతగార్లను చూపించే బాధ్యత మీది.