పదవి దిగాక వాకిలి



పదవి పోగానే నాయకుడి వాకిలి ఖాళీ అవుతుంది. ఇది పాత మాటే, నిజమే. అయితే ఖాళీ వాకిలి వేరు, ఒంటరితనం వేరు అని ఈ స్మారకోపన్యాసంలో నా వాదన. జనం తనకు బాకీ పడ్డారని నాయకుడు అనుకున్న రోజునే ఒంటరితనం మొదలవుతుంది. 1995 ఆగస్టులో సొంత శాసనసభ్యులే దూరమై ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రి పదవి కోల్పోయారు. 1996 జనవరి 18న కన్నుమూశారు. పి.వి. నరసింహారావు ప్రధాని పదవి దిగాక, మెజారిటీ కోసం ఎంపీలకు లంచమిచ్చారన్న కేసులో కోర్టు మెట్లెక్కారు. 2000లో శిక్ష పడి, 2002లో ఢిల్లీ హైకోర్టులో నిర్దోషిగా బయటపడ్డారు. తలల లెక్క మీద నిలిచిన అధికారం లెక్క తప్పగానే మనిషిని ఎలా వదిలేస్తుందో ఈ రెండు జీవితాలూ చెబుతున్నాయి.

ఇక మన షోలాపూర్ సంగతి చూడండి. సి.పి.ఎం. నాయకుడు నర్సయ్య ఆడం మాస్టర్ 1978, 1995, 2004లో శాసనసభకు గెలిచారు. ఆయన నడిపిన పోరాటంతోనే ఊరి దగ్గరి కుంభారిలో బీడీ చుట్టే స్త్రీలకు కమ్యూనిస్టు నాయకురాలు గోదూతాయి పరులేకర్ పేరిట 10,000 ఇళ్లు లేచాయి. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వాటిని అప్పగించారు. ఆ తర్వాత 2009, 2014, 2019, 2024 ఎన్నికల్లో మాస్టర్ ఓడిపోయారు. 30,000 ఇళ్ల రెండో పథకం విషయంలో పాలకులను మెచ్చుకున్నందుకు 2019లో సొంత పార్టీయే ఆయన్ను కేంద్ర కమిటీ నుంచి మూడు నెలలు సస్పెండ్ చేసింది. 2024 జనవరి 19న ఆ పథకంలో 15,000 ఇళ్లు కార్మికుల చేతికొచ్చాయి. ఆయన మనసులో ఏముందో చెప్పే హక్కు నాకు లేదు. కళ్లముందున్న ఫలితం గురించే మాట్లాడతాను.

ఇల్లు ఇప్పించిన మనిషినే ఓడించడం కృతఘ్నత కాదా అని అడుగుతారు. కాదు. చేట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, పొగాకు నింపి, దారం చుట్టి సంపాదించిన కూలిలోంచి ఆ తల్లి తన వాటా కట్టింది. సర్కారు సబ్సిడీ ఆమె హక్కు. కష్టపడి కొనుక్కున్న గడపకు ఓటును వడ్డీగా అడగకూడదు. మరి నాయకుడికి ఆప్యాయత అక్కర్లేదా అని ఇంకో ప్రశ్న. తప్పకుండా కావాలి. కానీ అది బ్యాలెట్ పెట్టెలో దొరకదు. పుచ్చలపల్లి సుందరయ్య 1970ల మధ్యలో అదే పార్టీ ప్రధాన కార్యదర్శి పదవిని తానే వదిలేశారు. 1985లో కన్నుమూసేదాకా జనం మధ్యే పనిచేశారు. కుర్చీకీ పనికీ ముడి పెట్టుకోని వాడికి కుర్చీ దిగడం పెద్ద నష్టం కాదు.

కాబట్టి రేపటి నాయకులకు నా విన్నపం: చేసిన మేలుకు ఖాతా రాయకండి. ఈ బీడీ కార్మికుల వాడ వాళ్లకూ ఒక మాట: ఓటు మీ ఇష్టం, ఎవరికైనా వేయండి. కానీ మీ కోసం ముసలివాడైన మనిషి ఏ పార్టీవాడైనా సరే, పండుగ పూట ఆయన గడప తొక్కి మంచిచెడ్డలు అడిగి రండి.