బెల్టు వెనుకనుండు చక్రము

కత్తికి సానపట్టు బెల్టు యంత్రమును కొనగోరువారు తరచుగా మోటారు బలమును గూర్చియు, బెల్టు గరుకును గూర్చియు విచారింతురు. బెల్టు వెనుక తిరుగుచు, అలుగు ఒత్తిడిని మోయు కాంటాక్టు చక్రమును గూర్చి అడుగువారు తక్కువ. అలుగు ఆకారమును నిర్ణయించునది ఆ చక్రమే. పూర్వము గుండ్రని సానరాయి చేసిన పనిని నేడిది చేయుచున్నది.

చక్రము చిన్నదైన కొలది అలుగున పడు గుంట లోతగును. 25 మిల్లీమీటర్ల వెడల్పు గల గుంటను 250 మిల్లీమీటర్ల చక్రముపై తీసినచో నడుమ లోతు 0.6 మిల్లీమీటర్లకు కొంచెము పైన ఉండును. 100 మిల్లీమీటర్ల చక్రముపై తీసినచో అది ఒకటిన్నర దాటును. రెండు ప్రక్కలను అట్లే తీసినచో 3 మిల్లీమీటర్ల అలుగు నడుమ చిల్లి పడవలసినదే! వంటింటి కత్తికి పెద్ద చక్రమే మేలు. చిన్న చక్రములు పిడి దగ్గర వ్రేళ్లు పట్టు వంపులకు పనికివచ్చును.

చక్రము అంచునకు రబ్బరు తొడుగుందురు. దాని గట్టిదనమును షోర్ ఏ అను కొలతతో చెప్పుదురు. 90 ప్రాంతపు గట్టి రబ్బరుపై ఉక్కు వేగముగా అరుగును. 40 ప్రాంతపు మెత్తని రబ్బరు నునుపు పనికి మంచిదే గాని, తీరుగా తీసిన గీతలను మొద్దుబార్చును. ఒక్క చక్రమే కొనగలవారు 70 ప్రాంతపుదానిని కొనుట మంచిదని మా అభిప్రాయము.

ఇక సొంతముగా చేసికొనుట. లేతుపై అల్యూమినియము చక్రమును తిరుగబట్టుట నేర్పరికి కష్టము కాదు. చిక్కంతయు రబ్బరుతోనే. పాత ట్యూబు ముక్కలను జిగురుతో అంటించి పని గడుపుకొనువారు కలరు. ఇది మిక్కిలి ప్రమాదకరము. 250 మిల్లీమీటర్ల చక్రము నిమిషమునకు 1440 చుట్లు తిరుగునప్పుడు అంచున ఉన్న వస్తువును దాని బరువునకు సుమారు 290 రెట్ల బలము బయటకు లాగును. పది గ్రాముల రబ్బరు ముక్క దాదాపు మూడు కిలోల బరువువలె జిగురును పీకుచుండును. అది ఊడి ఎవరి కంటికి తగులునో ఎవరు చెప్పగలరు? రబ్బరును లోహమునకు కాచి అతికించు కర్మాగారపు చక్రమునకే డబ్బు వెచ్చింపుడు. దానిపై వ్రాసిన గరిష్ఠ వేగమును మించనీయకుడు.

క్రొత్త చక్రమును బిగించిన పిమ్మట, యంత్రము ఆగియుండగా, చేతితో త్రిప్పి చూడవలెను. ప్రతిసారి ఒకే భాగము క్రిందికి వచ్చి నిలిచినచో తూకము తప్పినదన్న మాట. అట్టి చక్రము అదరి అలుగుపై అలలవంటి చారలు వేయును. తొలిసారి మీట నొక్కునప్పుడు కండ్లద్దములు ధరించి, చక్రమునకు ఎదురుగా గాక ప్రక్కగా నిలిచి, కొన్ని నిమిషములు ఊరకే తిరుగనిచ్చి, తరువాతనే అలుగు నానింపవలెను.