ఎవరి కథ, ఎవరి నోట

రంగస్థల కళల్లో పట్టా అందుకుంటున్న మీ అందరికీ అభినందనలు. ఈ రోజు ఒక దర్శకుడి గురించి, ఆయన పనిలోంచి తేలిన ఒక మాట గురించి మాత్రమే చెప్పదలచుకున్నాను. ఆ దర్శకుడు హబీబ్ తన్వీర్. 1923లో రాయ్‌పూర్‌లో పుట్టి, 2009లో భోపాల్‌లో కన్నుమూశారు. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో రాత్రంతా నాచా అనే జానపద నాటకం ఆడే కళాకారులతో యాభై ఏళ్లు నాటకాలు వేశారు. వేదిక మీద చోటు దొరకని జనం కథలు చెప్పాలని ఇవాళ చాలామంది యువ దర్శకులు కోరుకుంటున్నారు. మీలోనూ చాలామందికి ఆ కోరిక ఉండే ఉంటుంది. ఆ కోరికను నేను గౌరవిస్తాను. కానీ మంచి కథాంశం ఎంచుకున్నంత మాత్రాన పని పూర్తవదు. ఆ జనం మాటకు, నడకకు, ఆట పద్ధతికి దర్శకుడు తన అధికారంలో కొంత వదిలిపెట్టినప్పుడే ఆ కథ వాళ్లదవుతుంది. ఈ సంగతి తెలుసుకోవడానికి తన్వీర్ అంతటి ప్రతిభావంతుడికి పదిహేనేళ్లు పట్టింది. ఆ పదిహేనేళ్లలో ఏం జరిగిందో మీకు తెలియడం అవసరం.

ఆయన చదువుకున్న పట్నవాసి, ఉర్దూ కవి. తన్వీర్ అన్నది కవిగా పెట్టుకున్న పేరే. 1940లలో బొంబాయి చేరి, ఇప్టా అనే ప్రజా నాటక సంఘంలో పనిచేశారు. మన ప్రజానాట్యమండలి కూడా ఆ ఉద్యమంలో భాగమే. 'మా భూమి' నాటకాన్ని, నాజర్ బుర్రకథను ఊరూరా తిప్పింది అదే. 1954లో ఢిల్లీలో తన్వీర్ 'ఆగ్రా బజార్' వేశారు. పద్దెనిమిది, పంతొమ్మిది శతాబ్దాల్లో ఆగ్రాలో బతికిన నజీర్ అక్బరాబాదీ అనే కవి చుట్టూ అల్లిన నాటకం ఇది. పండితులు ఆ కవిని లెక్కచేయలేదు, వీధి జనం మాత్రం నాలుకల మీద నిలుపుకున్నారు. నాటకంలో దోసకాయలు అమ్ముకునే ఒకడు, తన సరుకు మీద నాలుగు పాదాలు రాసిమ్మని కవులను బతిమాలతాడు. అందరూ తోసిపుచ్చుతారు, చివరికి నజీర్ రాసిస్తాడు. విశేషం ఏమిటంటే నాటకం మొత్తంలో నజీర్ ఒక్కసారైనా వేదిక మీదికి రాడు. ఆయన పదాలు ఫకీర్ల నోట, అంగడివాళ్ల నోట వినిపిస్తాయి. జామియా మిలియా విద్యార్థులతో పాటు ఓఖ్లా గ్రామస్థులనూ అందులో వేదిక ఎక్కించారు. కవిని తెర వెనుక ఉంచి, బజారును ముందుకు తేవడం అప్పటికే ఆయనకు తెలుసు. అదే పని దర్శకుడిగా తన విషయంలో చేయడం మాత్రం ఇంకా తెలియదు.

1955లో ఆయన లండన్ వెళ్లి రాడా నాటక విద్యాలయంలో చేరారు. అక్కడి నుంచి బ్రిస్టల్ ఓల్డ్ విక్ పాఠశాలకు మారారు. తర్వాత యూరప్ అంతా తిరిగి బెర్లిన్‌లో నెలల తరబడి జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ బృందం నాటకాలు చూశారు. ఆయన వెళ్లేసరికే బ్రెహ్ట్ చనిపోయాడు. తిరిగొచ్చాక 1958లో శూద్రకుడి మృచ్ఛకటికాన్ని 'మిట్టీ కీ గాడీ' పేరుతో వేస్తూ, ఛత్తీస్‌గఢ్ నుంచి ఆరుగురు నాచా కళాకారులను ఢిల్లీకి తీసుకొచ్చారు. ఈ ఎంపిక గురించి ఒక్క క్షణం ఆలోచించండి. సంస్కృత నాటకంలో సాధారణంగా రాజులూ బ్రాహ్మణులూ సంస్కృతం మాట్లాడతారు, స్త్రీలూ సేవకులూ ప్రాకృతం మాట్లాడతారు. ఎవరి స్థాయి ఎంతో వాళ్ల భాషే చెప్పేస్తుంది. ఎన్నో రకాల ప్రాకృతాలు వినిపించే నాటకంగా మృచ్ఛకటికానికి పేరు. అలాంటి నాటకానికి పల్లె కళాకారులను తేవడం సరైన దిశలో వేసిన అడుగే. మరుసటి ఏడాది సహచరి మోనికా మిశ్రాతో కలిసి 'నయా థియేటర్' స్థాపించారు. మనుషులు దొరికారు, ఆదర్శం ఉంది, యూరప్‌లో నేర్చిన విద్య ఉంది. అయినా ఏళ్లు గడిచినా ఆ నటులు ఆయన వేదిక మీద వికసించలేదు. ఊళ్లో జనాన్ని పొట్టచెక్కలయ్యేలా నవ్వించే ఠాకూర్ రాం లాంటి మహానటుడు, ఢిల్లీ రిహార్సల్ గదిలో బిగుసుకుపోయేవాడు.

కారణం తన్వీర్ తనలోనే వెతుక్కున్నారు. ఆయన గొప్పతనం నాకు అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇక్కడే. రెండు తప్పులు చేస్తున్నానని ఆయన గ్రహించారు. మొదటిది భాష. ఛత్తీస్‌గఢీలో కలలుగనే మనుషుల చేత హిందీ మాట్లాడిస్తున్నారు. రెండోది కదలిక. ఈ మాటకు ఇక్కడికి రా, ఆ మాటకు అటు తిరుగు అని పాశ్చాత్య పద్ధతిలో బ్లాకింగ్ ఇస్తున్నారు. నాచాలో ప్రేక్షకులు మూడు వైపులా కూర్చుంటారు. ఎటువైపు నుంచి నవ్వు వస్తే నటుడు అటు తిరుగుతాడు, అక్కడ మాట పెంచుతాడు. రాత్రి పది గంటలకు మొదలై తెల్లవారేదాకా సాగే ఆటలో గమ్మత్ అనే ప్రహసనాలకు రాసి పెట్టుకున్న ప్రతి ఉండదు. చాలామంది నటులకు చదవడం రాదు. అలాంటివాళ్లను సున్నంతో గీసిన గీతల మధ్య నడవమంటే, ఏ శక్తి కోసం పిలిచామో ఆ శక్తినే కట్టేసినట్టు. నటుడు తడబడితే మనం సాధారణంగా శిక్షణ చాలలేదంటాం. తడబాటుకు కారణం మన పద్ధతేనేమోనన్న అనుమానం మనకు ఆలస్యంగా వస్తుంది, కొందరికి ఎప్పటికీ రాదు. 1973లో రాయ్‌పూర్‌లో వందమందికి పైగా కళాకారులతో నెలరోజుల నాచా శిబిరం జరిగింది. వాళ్లకు తెలిసిన మూడు పాత ప్రహసనాలను కలిపి, పాటలు చేర్చి, దాదాపు మొత్తం వాళ్ల భాషలోనే 'గావ్ కా నామ్ ససురాల్, మోర్ నామ్ దామాద్' తయారైంది. నటులు ఆశువుగా ఆడుతుంటే దర్శకుడు కూర్చి, కత్తిరించి, వేగం సరిచూశారు. ఢిల్లీలో ఆ నాటకం విజయవంతమైంది. అవే ముఖాలు, అదే దర్శకుడు. మారింది పద్ధతి. నా వాదనకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం నాకు కనబడలేదు.

ఆ దారిలోనే 1975లో 'చరణ్‌దాస్ చోర్' వచ్చింది. విజయదాన్ దేథా చెప్పిన రాజస్థానీ జానపద కథ దీనికి మూలం. చరణ్‌దాస్ అనే దొంగ గురువు ముందు సరదాగా నాలుగు ఒట్లు పెట్టుకుంటాడు. బంగారు పళ్లెంలో తినను, ఏనుగెక్కి ఊరేగను, రాణిని పెళ్లాడను, ఇస్తామన్నా రాజ్యం తీసుకోను అంటాడు. తనలాంటివాడికి ఇవన్నీ ఎప్పుడొస్తాయిలే అన్న ధీమా. గురువు ఐదో ఒట్టు వేయిస్తాడు, అబద్ధం ఆడకూడదని. తర్వాత ఆ నాలుగూ ఒక్కొక్కటిగా వాడి ముందుకు వస్తాయి. దొంగ ఒట్టు తప్పడు. జరిగింది బయట చెప్పనని మాటివ్వమని రాణి అడిగితే, అదీ కుదరదంటాడు. ప్రాణం పోగొట్టుకుంటాడు. ఒక దొంగ సత్యం కోసం చావడం, రాజ్యమేమో ఆ సత్యాన్ని భరించలేకపోవడం, ఇంత బరువైన తలకిందుల న్యాయాన్ని ఆ నటులు నవ్విస్తూ, ఛత్తీస్‌గఢ్‌లోని సత్నామీ సమాజపు పంథీ పాటల నడుమ మోశారు. అంతకుముందు మగవాళ్లే ఆడవేషం కట్టే సంప్రదాయంలోంచి వచ్చిన బృందంలో ఫిదాబాయి రాణి పాత్రలో నిలిచారు. 1982లో ఎడిన్‌బరో ఉత్సవంలో ఈ నాటకానికి ఫ్రింజ్ ఫస్ట్ పురస్కారం దక్కింది.

నా వాదనను ఒప్పుకోనివాళ్లు అడిగే ప్రశ్నల్లో భాష సంగతి మొదటిది. మాండలికంలో వేస్తే ఆ ప్రాంతం దాటి ఎవరికి అర్థమవుతుందని అడుగుతారు. ఎడిన్‌బరోలో కూర్చున్నవాళ్లకు ఛత్తీస్‌గఢీ ఒక్క ముక్క రాదు. అయినా నాటకం అందింది. తెలుగువాళ్లకైతే ఈ సందేహమే ఉండకూడదు. 1892లో తొలిసారి ప్రదర్శించిన 'కన్యాశుల్కం'లో గురజాడ విజయనగరం వీధుల మాటలు పెట్టారు, నూట ముప్పై ఏళ్లు దాటినా మూడు ప్రాంతాలవాళ్లూ దాన్ని చదువుతూనే ఉన్నారు. దీనికి ఎదురుగా మన సినిమా చరిత్ర ఉంది. దశాబ్దాల పాటు తెలంగాణ యాసను రౌడీకి, హాస్యగాడికి అంటగట్టి, కథానాయకుడికి మాత్రం వేరే భాష పెట్టారు. ఆ యాస వినిపించకపోలేదు, రోజూ వినిపించింది. కానీ దాన్ని ఏ నోట పెట్టారన్నదే అసలు సంగతి. కనిపించడం ఒకటి, గౌరవంగా కనిపించడం మరొకటి అని మనకు వేరే దేశాల ఉదాహరణలు చెప్పి ఒప్పించనక్కర్లేదు.

రెండో అభ్యంతరం బరువైనది, దాన్ని తేలిగ్గా దాటిపోను. పేరు ఎవరికి వచ్చింది? పద్మశ్రీ, పద్మభూషణ్, రాజ్యసభ సభ్యత్వం తన్వీర్‌కు వచ్చాయి. నాటకాల మీద పుస్తకాల్లో కనిపించేదీ ఆయన పేరే. చరణ్‌దాస్ పాత్రను ఏళ్ల తరబడి మోసిన గోవిందరాం నిర్మల్కర్‌కు పద్మశ్రీ 2009లో వచ్చింది. ఆయన చివరి రోజులు అనారోగ్యంలో, డబ్బు ఇబ్బందుల్లో గడిచాయి. చదువుకున్న దర్శకుడు జానపదుల కళను తన పేరు మీద అమ్ముకున్నాడన్న విమర్శకు ఇవి ఊతమిస్తాయి. ఈ విమర్శలో నిజం ఉంది. కానీ దాని నుంచి తీయాల్సిన తీర్మానం ఏది? బయటివాళ్లు ఆ కళ జోలికి పోకూడదంటే, ఆ నటులు ఢిల్లీ వేదిక, విదేశీ వేదిక ఎక్కకుండానే ఉండిపోయేవారు. తన్వీర్ వాళ్లను ఒక నాటకానికి పిలిచి పంపేయలేదు. దశాబ్దాల పాటు కలిసి పనిచేశారు, జీవితాంతం వాళ్ల మధ్యే ఉన్నారు. కాబట్టి నేను తీసే తీర్మానం వేరు. భాష, కదలిక వదిలిపెట్టినట్టే పేరును, డబ్బును కూడా పంచుకోవాలి. వాల్‌పోస్టర్ మీద, రచయితగా వేసే పేరులో, టికెట్ల రాబడిలో, జబ్బుపడినప్పటి ఖర్చులో నటుడి వాటా ఎంతో మొదటి రిహార్సల్‌కు ముందే రాసుకోవాలి. తన్వీర్ తరం దీన్ని ప్రేమకూ నమ్మకానికీ వదిలేసింది. మీ తరం కాగితం మీద పెట్టాలి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మరి జనం కళలోనే వివక్ష ఉంటే? ఆ జనమే నాటకాన్ని కాదంటే? ఇదీ కల్పించిన ప్రశ్న కాదు. 'పోంగా పండిత్' అనే నాచా ప్రహసనాన్ని పల్లె మేళాలు 1930ల నుంచీ ఆడుతున్నాయి. అంటరానితనాన్ని, పూజారి కపటాన్ని ఎగతాళి చేసే ఆట అది. పల్లె తన కళతోనే తన తప్పును ఎత్తిచూపుకోగలదనడానికి ఇది రుజువు. దశాబ్దాలు ఎవరూ ఏమీ అనలేదు. 1990లలో నయా థియేటర్ ప్రదర్శనల మీద దాడులు మొదలయ్యాయి. 2003లో మధ్యప్రదేశ్‌లో పలుచోట్ల ప్రదర్శనలను అడ్డుకున్నారు. తన్వీర్ ఎనభయ్యో ఏట కూడా నాటకాన్ని వెనక్కు తీసుకోలేదు. అక్కడ ఆయన చేసింది సరైనదనే నా అభిప్రాయం. రెండో ఉదంతం అంత సులువైనది కాదు. ఆయన పోయిన కొద్దికాలానికే, 2009లోనే, 'చరణ్‌దాస్ చోర్' పుస్తకం తమను కించపరుస్తోందని సత్నామీ సమాజంలో కొందరు అభ్యంతరం చెప్పారు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర ప్రభుత్వం దాన్ని పాఠశాలల పఠన కార్యక్రమం నుంచి తొలగించింది. ఎవరి పాటలు ఆ నాటకానికి ప్రాణమో వాళ్లలోంచే వచ్చిన మాట ఇది. అలా తొలగించడం తప్పు. ఆ బాధను వినకుండా తోసేయడమూ తప్పే. ఏ సమాజమూ ఒక్క గొంతుతో మాట్లాడదు. మనం ఎవరి కథ చెబుతున్నామో వాళ్లందరి అనుమతి ముందే తెచ్చుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. నాటకం వాళ్ల మధ్య ఆడాలి, ఆట అయ్యాక అక్కడే కూర్చోవాలి, వచ్చిన మాట వినాలి, అవసరమైతే మార్చుకోవాలి. అచ్చులో బిగిసిన పుస్తకం కన్నా, రోజూ కొత్తగా ఆడే ఆటకు ఈ వీలు ఎక్కువ.

ఇదంతా ఇక్కడ చెప్పడం దేనికంటే, మీరు అడుగుపెట్టబోయే తెలుగు రంగస్థలం ఇప్పటికీ ఎక్కువగా పరిషత్తు పోటీల చుట్టూ తిరుగుతోంది. గంట వ్యవధి, ఒక ఇంటి సెట్టు, చివర బహుమతుల జాబితా. ఆ పరిషత్తులే ఎన్నో ఏళ్లుగా నాటకాన్ని బతికించాయి, వాటి మీద నాకు గౌరవం ఉంది. కాని ఆ చట్రంలో మధ్యతరగతి హాలు తేలిగ్గా పడుతుంది, చిందు భాగవతం పట్టదు. నిజామాబాద్ ప్రాంతం నుంచి వచ్చిన చిందుల ఎల్లమ్మ లాంటి కళాకారిణి నాటక విద్యార్థుల పాఠంలో ఎన్ని పేజీలు ఆక్రమించాలి? బ్రెహ్ట్ గురించి మీకు తెలిసినంత వివరంగా చిందు మేళం ఆట గురించి, తోలుబొమ్మలాట గురించి, వీధి భాగవతం గురించి తెలుసా? బ్రెహ్ట్ వద్దని నేననను, తన్వీర్ ఆయన కోసం బెర్లిన్ దాకా వెళ్లారు. కానీ రాయ్‌పూర్ తిరిగి వచ్చారు.

మిమ్మల్ని అడిగేది ఒక్కటే. ఈ ఏడాదిలో మీ జిల్లాలో ఇంకా ఆడుతున్న ఒక మేళాన్ని వెతికి పట్టుకోండి. స్క్రిప్టు తీసుకెళ్లకండి, కెమెరా కూడా మొదటి రోజు వద్దు. వాళ్లు ఎక్కడ ఆడితే అక్కడ, జనంతో పాటు నేల మీద కూర్చుని, తెల్లవారేదాకా ఆట చూడండి. తర్వాత వాళ్లతో కలిసి ఏం చేయగలరో వాళ్లనే అడగండి.