శుద్ధరక్తమును గూర్చిన సందేహము



ఒకప్పుడు హైదరాబాదు రాజ్యములో నుండి, 1956లో బొంబాయి రాష్ట్రములోనికిని, 1960లో మహారాష్ట్రములోనికిని వచ్చిన ఈ భోకరు ప్రాంతమువారికి, గుండె ఆపరేషనన్నచో నాందేడునకో, అది దాటి హైదరాబాదునకో పోవుట వింతగాదు. పోయినచోట బంధువుల చెవిని పడు తొలిమాటలలో నొకటి, రక్తమిచ్చుటకు మనుషులను పిలిపించుకొనుడనునదియే. ఎవరి స్మృతికై నేడిచట సమావేశమైతిమో ఆ వైద్యుని పేర, ఆ మాట వెనుకనున్న చరిత్రను మీకు విన్నవింపదలచితిని.

మనుష్యరక్తమున వర్గభేదములు కలవని కార్ల్ లాండ్‌స్టైనరు 1901లో వియన్నాలో ప్రకటించువరకు రక్తమార్పిడి ప్రాణముతోడి జూదమే. 1953 మే 6వ తేదీన ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ 18 ఏండ్ల యువతియొక్క గుండె పనిని, ఊపిరితిత్తుల పనిని యంత్రమునకు అప్పగించి హృదయములోని రంధ్రమును మూసినది మొదలు రక్తమునకు కొత్త గిరాకి యేర్పడెను. ఏలయన, తొలినాటి యంత్రములను నింపుటకే పలువురు దాతల రక్తము కావలసియుండెను. 1961లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలోను ఇట్టి శస్త్రచికిత్స జరిగినది. పిమ్మట, రక్తమును మతనిషిద్ధముగా నెంచు యెహోవా సాక్షులకు, హ్యూస్టన్‌లో డెంటన్ కూలీ బృందము రక్తమెక్కింపకయే చేసిన 542 శస్త్రచికిత్సల వృత్తాంతము 1977లో వెలువడినపుడు, అనివార్యమనుకొన్న దానిలో అలవాటు పాలెంతయో తెలియవచ్చెను.

ఎయిడ్స్ భయమును, 1996 నాటి సుప్రీంకోర్టు తీర్పును, తత్ఫలితముగా 1998 నుండి రక్తవిక్రయము నిషిద్ధమగుటయు మీరెరిగినవే. అది రక్తముతో వచ్చు రోగముల కథ. నా ప్రశ్న వేరు: పరీక్షలన్నిట నెగ్గిన శుద్ధరక్తమును పొందినవారిలో సైతము రొమ్ముగాయము చీముపట్టుటయు, న్యుమోనియా సోకుటయు ఏల హెచ్చుగా కనబడుచున్నవి?

దీనికి సూచన అనుకోనిచోట దొరికెను. రక్తమెక్కించుకొనిన రోగులలో అన్యుని మూత్రపిండము ఎక్కువకాలము నిలుచుచున్నదని ఓపెల్జ్ ప్రభృతులు 1973లో చూపిరి. పరాయి అవయవమును శరీరము సహించినదన్న, దాని కావలి సడలినదనుటయే గదా. అట్టి కావలి సూక్ష్మజీవులయెడ మాత్రము మేల్కొని యుండునా? ఉత్తర అమెరికాలో 5,158 మంది హృదయరోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన లెక్కలో, ఎర్రకణముల ఒక్కొక్క యూనిట్‌తో తీవ్రమైన ఇన్ఫెక్షను అపాయము సగటున 29 శాతము చొప్పున పెరిగెను. రక్తద్వేషులకు ఇంతకన్న నేమి కావలెను? కాని రక్తస్రావము అధికమైనవానికే, మొదటినుండియు దుర్బలుడైనవానికే వైద్యుడు ఎక్కువ రక్తమిచ్చునుగదా. నేరము రక్తముదో, రోగి దౌర్బల్యముదో ఆ లెక్క ఒక్కటియే తేల్పజాలదు.

తేల్చుటకై బ్రిటనులో రెండువేలమందికి పైగా రోగులను రెండు తెగలుగా యాదృచ్ఛికముగా విభజించి, ఒక తెగకు హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 9 గ్రాములకు దిగువకు రాగానే, రెండవదానికి 7.5కు దిగువకు వచ్చినపుడే రక్తమిచ్చిరి. 2015లో వెలువడిన ఫలితము రక్తద్వేషులను నిరాశపరచెను: ఇన్ఫెక్షనులో చెప్పుకోదగిన భేదము లేదు, పైగా మూడునెలలలో మరణములు, పొదుపుగా రక్తమిచ్చిన తెగలోనే కొంత ఎక్కువ. 2017లో సుమారు ఐదువేలమందితో ముగిసిన మరియొక పరీక్షలో 7.5 వరకు వేచియుండుటవలన హాని హెచ్చలేదని కనబడుటచే వైద్యలోకము కొంత ఊరడిల్లెను. నామట్టుకు నాకు, రక్తమును పూర్తిగ దోషియనుటకు గాని నిర్దోషియనుటకు గాని ఈ సాక్ష్యము చాలదనియే తోచుచున్నది.

వివాదములేని పని యొకటి కలదు. అత్యవసరము కాని శస్త్రచికిత్సకు పోవు రోగికి, కొన్ని వారములు ముందుగానే ఈ ఊరనే రక్తపరీక్ష చేయించి, ఇనుము లోపమున్నచో సరిదిద్దింపవచ్చును. అచ్చట ఆపరేషను వేళ చిందిన సొంత రక్తమునే కడిగి తిరిగి ఎక్కించు యంత్రము కలదేమో బంధువులు ముందే అడుగవచ్చును.