గోదారి వరద - జాబితాకెక్కని ఆడవాళ్లు



వరద అనగానే అడుగులూ, క్యూసెక్కులూ చెప్పడం మనకు అలవాటు. నేనూ కొన్ని చెబుతాను. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 53కి వస్తే మూడోది, ఆఖరిది. 1986 ఆగస్టులో అక్కడ 75.6 అడుగులు వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. గట్లు తెగాయి, కోనసీమ ఊళ్లు మునిగాయి. 2022లో మళ్లీ 71.3 అడుగులు. అదీ ఆగస్టులో కాదు, జూలైలోనే.

1852లో ఆనకట్ట పూర్తయింది. డెల్టాకు కాలువలొచ్చాయి, కాటన్ దొరకు ఊరూరా విగ్రహాలు లేచాయి. మంచిదే, కాదనను. కానీ గట్టు సంగతి కూడా చెప్పుకోవాలి కదా. గట్టు తన వెనక ఉన్న ఊరిని కాపాడుతుంది. రెండు గట్ల నడుమ, ఏటి పాయల మధ్య ఉన్న లంకలకు ఏ కాపుదలా లేదు. పక్కలకు పరుచుకోవలసిన నీళ్లు దారిలేక లంకల మీదే ఎత్తుగా నిలుస్తాయి. డెల్టా పొలాలు పచ్చగా ఉండడానికి లంకవాళ్లు కడుతున్న పన్ను ఇది. దీనికి రసీదు కూడా లేదు.

లంకలో అరటి, కంద, కూరగాయలు పండిస్తారు. కలుపు తీసేదీ, గేదెకు గడ్డి కోసేదీ, పాలు పితికేదీ ఎవరో మీకు తెలుసు. వరదొస్తే కాజ్‌వే మునుగుతుంది, పడవే దిక్కు. గట్టు మీద టార్పాలిన్ కింద నెలల బాలింత ఉంటుంది, బహిష్టయిన పిల్ల ఉంటుంది. మరుగు లేక, చీకటి పడేదాకా వెళ్లే వీల్లేక, ఆడవాళ్లు మంచినీళ్లు తాగడం మానేస్తారు. చుట్టూ నీళ్లే, గొంతు మాత్రం ఎండిపోతుంది. పులిహోర పొట్లాలు పంచేవాళ్లకు ఇది కనిపించదు.

నీళ్లు తీసేశాక అసలు కథ మొదలవుతుంది. పంట నష్టం రాయడానికి వచ్చిన మనిషి ముందుగా పాస్‌బుక్ అడుగుతాడు. అది భూస్వామి దగ్గరుంటుంది. కౌలుదారు దగ్గర కార్డు ఉండాలంటారు. 2019 చట్టం ప్రకారం ఆ కార్డు రావాలంటే 11 నెలల ఒప్పందం మీద యజమాని సంతకం పెట్టాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని ఆయన భయం. పెట్టినా కార్డు మొగుడి పేరునే. మొగుడు చనిపోయినా, వదిలేసి వెళ్లినా ఆ పొలం చేసేది ఆమే. అయినా ఆమె కాగితం మీద రైతు కాదు. ఇక భూమే కోతకు గురై ఏట్లో కలిసిపోతే, పట్టా పెట్టెలో ఉంటుంది, చేను ఉండదు.

పైకి వెళ్తే కూనవరం, వి.ఆర్.పురం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు. గోదావరి పోటెత్తితే శబరి ముందుకు కదల్లేక వెనక్కి ఎగదన్నుతుంది. ఇదివరకూ మునిగేవి. ఇప్పుడు కింద పోలవరం కడుతున్నారు. 41.15 మీటర్ల కాంటూరు లోపలి ఊళ్లకు ముందు పరిహారం, 45.72 వరకూ ఉన్నవాటికి తరవాత అన్నారు. 2022 జూలైలో నీళ్లు కాంటూరు గీత చూసి ఆగలేదు. కాఫర్ డ్యామ్ వల్లే ఇంత ముంపు అని జనం అంటున్నారు, అధికారులు కాదంటున్నారు. వాదం ఎటు తేలినా, సామాన్లు నెత్తిన పెట్టుకుని గుట్టెక్కింది మాత్రం కోయ, కొండరెడ్డి ఆడవాళ్లు.

ఇది దయాధర్మాల సంగతి కాదు. 2005 విపత్తు నిర్వహణ చట్టం 61వ సెక్షను సహాయంలో ఆడ, మగ, కులం, మతం అనే వివక్ష కూడదంటుంది. 12వ సెక్షను వితంతువులకు ప్రత్యేక ఏర్పాట్లు చేయాలంటుంది. 2013 భూసేకరణ చట్టంలో వితంతువు, విడాకులు పొందిన స్త్రీ, కుటుంబం వదిలేసిన స్త్రీ ఒక్కొక్కరూ ఒక ప్రత్యేక కుటుంబం. అంటే ఆమె ప్యాకేజీ ఆమెదే, మరిదిదో అన్నదో కాదు. ఈ ఒక్క వాక్యం గోదారి ఊళ్లలో ఎంతమందికి తెలుసు?

అందుకే మీ సంఘాలను అడిగేది ఒకటి. వేసవిలోనే, ఏరు తగ్గి ఉన్నప్పుడే, మీ ఊళ్లో ఒంటరి ఆడవాళ్ల పేర్లు, కౌలుకు చేసే ఆడవాళ్ల పేర్లు, చేస్తున్న చేను, గేదెలు అన్నీ నోటుబుక్కులో రాసిపెట్టుకోండి. నష్టాల జాబితా వచ్చిన రోజున దాన్ని గ్రామసభలో గట్టిగా చదివించండి. మన నోటుబుక్కు పక్కన పెట్టుకుని వినండి. లేని పేరు దగ్గర ఆపండి.